బల్కంపేట సందులో నీటి గీత

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా వీధి ఇస్త్రీబండి నూకరాజు. హైదరాబాదులో మేనకోడలి ఇంట్లో పది రోజులుండి వచ్చాడు. వచ్చిన రోజే మా ఆయన చొక్కాలూ ఈ వార్తా కలిపి తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"అమ్మగారూ, అమీరుపేట ఎనకాల నాలా పక్కన ఓ సందుందండి. మొన్న వరదకి మునిగిపోయిందండి. ఇప్పుడు మళ్ళీ కట్టుకుంటన్నారు. ఆఫీసర్లు కొలవడం కాదండి, ఆ సందు ఆడోళ్ళే పైపు పట్టుకుని కొలుస్తారంటండి. ఆఫీసరమ్మ ఆళ్ళు చెప్పింది రాసుకుంటదంటండి!"

మిగతాదంతా నమ్మాను. ఆఫీసరమ్మ రాసుకుంటుందన్నది మాత్రం నమ్మలేకపోయాను.

కారణం ఉంది. కాకినాడ దగ్గర మా ఊళ్ళో, మా వీధిలోకీ ఒక వానాకాలం నీళ్ళొచ్చాయి. తరవాత కొలతలవాళ్ళు వచ్చి జీపు దిగకుండానే కొలుచుకుని వెళ్ళారు. ఆ కొలతతో కట్టిన కొత్త కాలవ మా గుమ్మాలకంటే జానెడు ఎత్తున లేచింది. ఇప్పుడు వాన పడితే నీళ్ళు కాలవలోంచి దిగి మా ఇళ్ళలోకి వస్తాయి. కాలవకి మాత్రం మంచి సిమెంటు వేశారు, ఆ మాట చెప్పుకోవాలి. దాన్ని పడగొట్టి మళ్ళీ కట్టిస్తామని ఈమధ్య అంటున్నారు. అందుకే మా శుక్రవారం పారాయణ ఆడవాళ్ళందరం, ఎవరైనా ఒకరు వెళ్ళి ఆ సందు చూసి రావాలనుకున్నాం. అమ్మవారి ముందు చీటీలు వేస్తే నా పేరు వచ్చింది. చీటీలు రాసింది నేనేనని ఒకరిద్దరు గుర్తుచేశారు. వాళ్ళకీ నమస్కారం పెట్టి రైలెక్కాను.

పంజాగుట్ట

మా పిన్ని కూతురు శారద ఇరవై ఏళ్ళుగా పంజాగుట్టలో ఉంటోంది. వాళ్ళ వంటింటి కిటికీ ఫ్లైఓవరుకి ఎంత దగ్గరంటే, బస్సులో కూర్చున్నవాళ్ళు మన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పగలరు. పొద్దున్న ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు ఒకాయన బస్సులోంచి మా ఇడ్లీల వంక అంత దీక్షగా చూశాడు. ఒకటి పెట్టకపోతే పాపమేమో అనిపించింది. అందదు కాబట్టి ఊరుకున్నాను.

"అక్కా, హైదరాబాదు వచ్చినవాళ్ళు చార్మినారు చూస్తామంటారు, గాజులు కొంటామంటారు. నువ్వేంటి, మోరీ చూస్తానంటావు?" అంది శారద.

"మోరీ ఏమిటే, కాలవ అనవే."

"ఇక్కడ కాలవంటే పడవలెక్కడా అని అడుగుతారు. మోరీ అనే అనాలి. నేర్చుకో."

సాయంత్రం ఇద్దరం అమీర్‌పేట దాకా నడిచాం. అమీర్‌పేటలో గోడలు కనబడవు, బోర్డులే కనబడతాయి. పేర్లు కూడా నోరు తిరగని చదువులన్నీ నలభై అయిదు రోజుల్లో నేర్పుతామని రాసుంది. నేను బడి మెట్లెక్కినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలూ లెక్కలూ భాగవతమూ చెప్పారు, అందుకు ఆయనకి పదకొండేళ్ళు పట్టింది. ఆయనకి ఈ అడ్రసు తెలియలేదు పాపం. దారి పొడుగునా కుర్రవాళ్ళు కాయితాలు చేతిలో పెడుతున్నారు. ఎవరైనా చేతికిచ్చింది వద్దనడం నాకు అలవాటు లేదు. పదకొండు పుచ్చుకుని, అన్నీ కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాను. పన్నెండో కుర్రవాడు నన్ను చూసి, ఇవ్వకుండా తనే దణ్ణం పెట్టాడు.

అక్కడ ఇరానీ చాయ్ తాగాం. అరగ్లాసు ఇరవై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి రెండు టీలిచ్చి, పక్కవీధి సమాచారం కూడా చెబుతారు. కానీ మొదటి గుక్కకే ఇది టీయా పరమాన్నమా అని సందేహం వచ్చి, సందేహం తీరడానికి ఇంకో అరగ్లాసు తాగాల్సి వచ్చింది.

సున్నం పడని గోడ

మర్నాడు బుధవారం. శారద ఆఫీసుకి పోతూ నన్ను బల్కంపేటలో దింపింది. నూకరాజు చెప్పిన గుర్తు ఒకటే: యాదగిరి మేస్త్రీ. సందు మొగలో పూలమ్మే ఆవిడని యాదగిరి ఎక్కడుంటాడని అడిగాను.

"ఏ యాదగిరమ్మా? ఆటో యాదగిరా, చికెన్ యాదగిరా, మేస్త్రీ యాదగిరా?"

శ్రావణమాసంలో చికెన్ యాదగిరి దగ్గరికి వెళ్ళకుండా కాపాడినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని మేస్త్రీ అన్నాను.

ఆ సందులో పద్నాలుగిళ్ళు. రోడ్డు దగ్గర ఎత్తుగా మొదలై, వాలుగా దిగి, చివర పెద్ద మురుగుకాలవ, అదే నాలా, దాని గోడకి తగులుతుంది. పై కొసన నాలుగు పాత మట్టిగోడల ఇళ్ళు వరదకి నాని కూలిపోయాయి. అక్కడంతా చదును చేసి ఇటుకలు పేర్చారు. తక్కినవి దాదాపు అన్నీ తెల్లగా, అప్పుడే సున్నం వేసుకుని మెరుస్తున్నాయి. మునిగిన వీధిలా లేదు, ముస్తాబైన వీధిలా ఉంది.

యాదగిరి మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. చెవి మీద పెన్సిలు, మెడలో చుట్టలుగా నీళ్ళు నింపిన పారదర్శకపు పైపు. శివుడి మెడలో పాముని తలుచుకుని ముందు దణ్ణం పెట్టి, తరవాత పని చెప్పాను. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీద గీత ఉంటుంది కదా, అది చూపించమన్నాను.

"గీత లేదమ్మా. సున్నం కింద ఉన్నది. బోనాలకు ఏసిన సున్నం, ఎవ్వలు గీకనిస్తలేరు," అన్నాడాయన.

పక్కనే చెట్టు కింద మిషను పెట్టుకుని జాకెట్టు కుడుతున్న స్వరూప కిసుక్కున నవ్వింది. ఆమె ఇల్లు కూలిన నాలుగింటిలో ఒకటి. నోరు మాత్రం కూలలేదు.

"నేను చెప్త విను అక్క. వాన పోయిన ఎనిమిది దినాలకు బోనాలు. బురద గోడల నడుమ అమ్మకు బోనమెట్ల వండుతం? అందరం కలిసి రెండు దినాలల్ల సందంతా సున్నం కొట్టేసినం. పెండ్లిల్లు లెక్క చేసినం. పదో దినం ఇంజనీర్ మేడం వచ్చి, నీళ్ళు ఏడిదాంక వచ్చినయో గోడ మీద చూపియ్యున్రి అన్నది. ఏం చూపిస్తం? సున్నం చూపించినం."

"మరి నోటితో చెప్పలేకపోయారా?"

"చెప్పినం. ఒకామె మోకాలన్నది, పక్కింటామె మెడ అన్నది. నడుమ ఒక్కటే గోడ! ఒకాయనైతే ఫ్యాన్ దాంక అన్నడు. గాయన ఆ దినం ఊళ్లనే లేడు."

సందు మొత్తానికి ఒక్క గోడ మిగిలింది. మధ్యలో తాళం వేసున్న ఇల్లొకటుంది, ఇద్దరన్నదమ్ములది. సున్నం అన్న కొట్టించాలని తమ్ముడు, తమ్ముడు కొట్టించాలని అన్న, పంతం పట్టి ఇద్దరూ కొట్టించలేదు. ఆ గోడ మీద గోధుమరంగు గీత చెక్కుచెదరకుండా ఉంది. దాని కొసకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలు కూడా గుచ్చారు.

"ఆ అన్నదమ్ములు కలిసి ఉంటే మా కొంప మునుగుతుండె," అంది స్వరూప.

ఇక ఆ ఒక్క గీత నుంచే నిలబడిన తక్కిన తొమ్మిది గోడల మీదికీ గీతలు మోసుకెళ్ళాలి. దానికే పైపు. ఒక కొస ఆ గీత దగ్గర పట్టుకుంటే, రెండో కొస ఎక్కడికి తీసుకెళ్ళినా నీళ్ళు అదే మట్టాన నిలుస్తాయి. నీళ్ళకి అబద్ధం రాదు. కొలిచేది సందువాళ్ళే, ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టేదీ వాళ్ళే. శనివారం వచ్చి రాసుకుంటానని ఇంజనీరు మేడం ఒప్పుకుందట. ఆ గీతల్ని బట్టే కొత్త మోరీకి వాటం, అంటే నీళ్ళు పారే వాలు, నిర్ణయిస్తారు.

"గీత దిగితే మోరీ మూతి దిగుతదమ్మా. మూతి దిగితే నాలా నీళ్ళు తిరిగి మనిండ్లకే వస్తయి," అన్నాడు యాదగిరి. మా వీధి కాలవ గుర్తొచ్చి ఆ మాట కాయితం మీద రాసుకున్నాను.

అంజమ్మ రొట్టె

మధ్యాహ్నం నన్ను అంజమ్మ దగ్గర కూర్చోబెట్టారు. సందులో చివరి ఇల్లు, అందరికంటే పల్లాన, నాలాకి ఆనుకుని ఉన్నది ఆవిడదే. సిమెంటు ఇటుకలది కాబట్టి నిలబడింది. ఒక్క మనిషి, ఒక గది, గుమ్మం ముందు పొయ్యి. జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పిండిముద్ద పీట మీద పెట్టి అరచేత్తో చరుస్తూ తిప్పుతుంటే అది చంద్రబింబంలా విచ్చుకుంటుంది. నేనూ ఒకటి ప్రయత్నించాను. గోదావరి జిల్లా పటం వచ్చింది.

"పర్వాలే చెల్లె, కాలితే అన్నీ ఒకటే," అంది అంజమ్మ.

రొట్టె ఇరవై రూపాయలు, పుంటికూర పచ్చడి ఎంత వేసుకున్నా ఊరికే. పుంటికూరంటే మన గోంగూరే. ఆ మాట అంటే అక్కడెవరూ ఒప్పుకోలేదు, నేనూ వదల్లేదు, చివరికి ఇంకో గరిటె వేసి నా నోరు మూయించారు. అమీర్‌పేట హాస్టళ్ళ పిల్లలు, మెట్రో కూలీలు, బోరబండ నుంచి పనికొచ్చే ఆడవాళ్ళు వరసగా వచ్చి నిలబడి తిని పోతున్నారు. నేను అంజమ్మ గారూ అన్నప్పుడల్లా ఆవిడ వెనక్కి తిరిగి చూసేది, గారు అనిపించుకునే మనిషి ఎవరైనా వచ్చారేమోనని.

అసలు సంగతి స్వరూప మెల్లిగా చెప్పింది. నీళ్ళు నాలుగడుగులు దాటిన ఇల్లు మళ్ళీ అక్కడ ఉండనివ్వరు. ఊరి చివర ఫ్లాటిస్తారు, నాలుగో అంతస్తు.

"ఫ్లాటు మంచిదే కదమ్మా," అన్నాను తెలివితక్కువగా.

అంజమ్మ రొట్టె తిప్పుతూనే అంది: "మంచిదే. లిఫ్టుంటదట. రొట్టె తినేటోళ్ళు గాడికొస్తరా మరి? కట్టెల పొయ్యి పెట్టనిస్తరా? నేను కిటికీలకెల్లి ఆవుల్ని చూస్కుంట కూసోవాలె."

ఆవిడ ఇంట్లో నీళ్ళు ఎంత వచ్చాయో ఎవరూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పైపు పట్టిన ఆంధ్రక్క

గురువారం కొలతలు. మొదటి కొస యాదగిరి పట్టుకుంటాడు. రెండో కొస ఎవరు పట్టుకోవాలన్న దాని మీద అరగంట గొడవ. ఎవరింటి దగ్గర వాళ్ళు తమవైపు గుంజుతారని ఎవరికీ ఎవరిమీదా నమ్మకం లేదు. అప్పుడు స్వరూప నన్ను చూపించింది.

"గీ అక్కకు సందుల ఇల్లు లేదు, చుట్టం లేదు. పొద్దుగూకులు దేవుని పేరు తీస్తది. గీమె పట్టని."

అంత పెద్ద గౌరవం నా జన్మలో జరగలేదు. నడిచేటప్పుడు నీళ్ళు ఒలకకుండా బొటనవేలితో పైపు మూతి మూసుకోవాలి, గోడ దగ్గరికి రాగానే వేలు తీసెయ్యాలి. యాదగిరి రెండుసార్లు చెప్పాడు. సరేనన్నాను. ప్రతి గుమ్మంలోనూ వేలు తీశాను, నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి, స్వరూప పెన్సిలుతో గీసింది. మోకాలన్నావిడ గీత నడుం దగ్గర తేలింది. ఫ్యాన్ ఆయన గీత కూడా నడుం దగ్గరే తేలింది. ఆయన పైపుకి జబ్బు చేసిందన్నాడు.

చివరికి అంజమ్మ ఇల్లు. అప్పటికి నా రెక్కలు పడిపోయాయి. పైపు ఛాతీ దాకా మాత్రమే ఎత్తగలిగాను. గోడ పక్కనే జొన్నపిండి బస్తా మూతి విప్పి ఉంది. నీళ్ళు ఒలికితే ఆవిడ రేపటి పిండి తడుస్తుందని నాకు బెంగ పట్టుకుంది. వేలు అలాగే ఉంచేశాను.

"నిలిచినయా?" అని యాదగిరి పైనుంచి కేకేశాడు.

"నిలిచాయి!" అన్నాను. నిజంగానే నిలిచాయి. తొమ్మిది గోడల్లో అంత బుద్ధిగా, ఊగకుండా నిలిచిన నీళ్ళు మరెక్కడా చూడలేదని మురిసిపోయాను కూడా.

స్వరూప టేపు పెట్టింది. మూడడుగుల పది అంగుళాలు. నాలుగు దాటలేదు! ఒకావిడ ఈల వేసింది. ఎవరో చక్కెర తెచ్చి నా నోట్లో పోశారు. యాదగిరి మాత్రం తల గోక్కున్నాడు.

"అందరికంటే పల్లం ఇల్లు. గింత తక్కువెట్ల?"

"అంజమ్మ ఇల్లు బతికితే నీకేం కష్టం మేస్త్రీ?" అంది స్వరూప.

"నాకేం కష్టం లేదు. వాటానికి కష్టం," అంటూ ఆయన పైపు చుట్టుకున్నాడు.

అంజమ్మ పొయ్యి ముందు కూర్చుని నా చేతుల వంకే చూస్తోంది. ఆశీర్వదిస్తోందనుకున్నాను.

ఎల్లమ్మ గుడి మెట్లు

శ్రావణ శుక్రవారం. శారద ఇంట్లో పూజ ముగించుకుని, అంజమ్మ ఇల్లు నిలబెట్టినందుకు కొబ్బరికాయ కొడదామని బల్కంపేట ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఊరి గుళ్ళలో మెట్లెక్కి దేవుణ్ణి చూస్తాం. ఇక్కడ అమ్మవారు నేలమట్టానికి చాలా దిగువన, బావిలాంటి చోట ఉంటుంది. తల వంచి చూడాలి. వంచడం నాకు నచ్చింది.

పక్కన అంజమ్మ కూర్చునుంది, చేతిలో పసుపుబొట్లు పెట్టిన నిమ్మకాయతో.

"చెల్లె, నిన్న నీ బొటనేలు యాడున్నది?"

"చేతికే ఉందండీ."

"పైపు మూతి మీదున్నది. నేను చూసిన."

కొబ్బరికాయ చేతిలోంచి జారింది. పగలలేదు, అది వేరే సంగతి. చూసి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా పిండి తడుస్తదని నువ్వు తియ్యలే. నా ఇల్లు పోతదని నేను చెప్పలే. ఇద్దరం ఇద్దరమే," అని నవ్వింది. తరవాత నవ్వు ఆగింది. "ఇరవయ్యేండ్లు యాదగిరి ఎనుక తట్టలు మోసిన చెల్లె. వాటం నాకు తెల్వదా? గా గీత పెట్టి మోరీ కడితే, మల్ల వానకు నాలా ఎనక్కొస్తది. నా ఒక్కదాని ఇంటికా? పదమూడిండ్లకు."

తప్పు నాది కాబట్టి నేనే వెళ్ళి చెబుతానన్నాను.

"నువ్వు చెప్తే నీ తప్పయితది. నేను చెప్తే నా మాటయితది. నేనే చెప్త." లేచి, కిందనున్న అమ్మవారి వంక చూసింది. "అమ్మ సుత పల్లంలనే ఉన్నది. ఆమెనెవ్వలు ఫ్లాటుకు పొమ్మంటలేరు." ముక్కు కొంగుతో తుడుచుకుని నడిచింది. నేను కొబ్బరికాయ అక్కడే పెట్టేసి వెనక పరిగెత్తాను.

సందులోకి వస్తూనే కేకేసింది: "మేస్త్రీ! పైపు తే. నా గీత తప్పు."

మళ్ళీ నేనే పట్టుకున్నాను. మళ్ళీ ఛాతీ దగ్గరే పట్టుకున్నాను, నాకు బుద్ధి రావడానికి ఒకరోజు చాలదు. వేలు తీశాను. పైపులోంచి నీళ్ళు ఒక్క ఉదుటున లేచి నా మొహాన కొట్టాయి. బొట్టు, కాటుక, శ్రావణ శుక్రవారం, అన్నీ గడ్డం కిందికి వచ్చేశాయి. సందంతా కడుపు పట్టుకుని నవ్వుతుంటే, యాదగిరి వచ్చి నా చెయ్యి పట్టి తలకంటే పైకి ఎత్తించాడు. నీళ్ళు ఊగాయి, నిలిచాయి. నాలుగడుగుల పది అంగుళాలు.

ఇంక ఎవరూ నవ్వలేదు. అంజమ్మ యాదగిరి చేతిలోంచి తాపీ లాక్కుని, కొత్త పెన్సిలు గీత ఉన్నచోట సున్నం గీకింది. కింద బురద గీత, సరిగ్గా అక్కడే.

"ముసల్దానా! నోరు మూసుకుని కూసుంటే ఏమయ్యేది నీకు?" అంది స్వరూప.

"నీ మిషను మల్ల మునుగుతుండె," అంది అంజమ్మ.

తలా ఒక మూర

యాదగిరి పైపు చుట్టుకుని పై కొసకి నడిచాడు. కూలిన నాలుగిళ్ళకి వచ్చే వారమే పునాదులు తియ్యాలి. సుద్దముక్కతో ఏ ఇంటి హద్దు ఎక్కడో ముందే గీసి పెట్టాడు. ఆ గీతల మధ్య అటూ ఇటూ తిరిగి అన్నాడు: "నలుగురు తలా ఒక మూర ఇస్తే, గీడ అయిదో ఇల్లు పడతది. నాలుగు మూరలు. ఒక మనిషి, ఒక పొయ్యి. ఎత్తు జాగ. ఎవ్వలు లేపలేరు."

ముగ్గురు తలూపారు. వాళ్ళలో ఒకాయన ఒక్క ఘడియ ఆలోచించాడు, భార్య మోచేత్తో పొడిచాక ఊపాడు. స్వరూప ఊపలేదు.

"నా బీరువా ఏడ పెట్టాలె? మొత్తం గిరాకీ బట్టలు దాంట్లనే ఉంటయి."

"పక్కకు తిప్పు."

"తిప్పితే తలుపు తెరుసుకోదు. ముసల్దాని మీద ప్రేమ నాకు లేదా ఏంది? ఉన్నది. బీరువా సుత ఉన్నది!"

మిషను దగ్గరికి పోయి వెనక్కి తిరిగి కూర్చుంది. ఎవరూ బతిమాలలేదు. అంజమ్మ అటు చూడను కూడా చూడలేదు, పొయ్యి రాజేసి రొట్టెలు మొదలుపెట్టింది. నేను మధ్యలో నిలబడి లలితా సహస్రం ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయి రెండుసార్లు మొదటికొచ్చాను. పొద్దు వాలుతుండగా స్వరూప టేపు మెళ్ళో వేసుకుని లేచింది. టార్పాలిన్ కింద ఉన్న బీరువాని నిలువునా అడ్డంగా కొలిచింది. తలుపు తెరిచి కొలిచింది, గొణుక్కుంటూ మళ్ళీ కొలిచింది. వచ్చి అంజమ్మ ముందు నిలబడింది.

"సగం తెరుసుకుంటది. సగం చాలు, చెయ్యి పెట్టి గుంజుకుంట. కాని నీ పొగ నా దిక్కు వచ్చిందో, చూడు!"

"గాలికి చెప్త," అంది అంజమ్మ. రొట్టె మాడుతున్నా తిప్పలేదు. కళ్ళు అవుపించకే అనుకుంటాను.

ఇక మూర ఎవరిదన్న గొడవ. యాదగిరి చెయ్యి చాస్తే, "నీవి తాటిచెట్టు చేతులు, నీ మూర నడువది," అని నలుగురూ కొట్టిపారేశారు. మళ్ళీ నన్నే తోశారు, ఊరుకాని ఊరిదాన్నని. మోచేయి నేలకానించి, వేళ్ళు సాచి, నాలుగు మూరలు కొలిచాను. దేవుడు నన్నింత పొట్టిగా ఎందుకు పుట్టించాడా అని మొదటిసారి బాధపడ్డాను. ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ప్రతి మూరకీ మోచేయి రెండంగుళాలు ముందుకి జరిపి పెట్టాను. యాదగిరి చూశాడు. చూసి, ఆకాశంలో మబ్బులేమైనా ఉన్నాయా అని పైకి చూడ్డం మొదలుపెట్టాడు.

సుద్దముక్క గోడలు

శనివారం ఇంజనీరు మేడం వచ్చింది. జీపు దిగింది. చెప్పులు బురదలో పెట్టింది. ఒక్కో గోడ దగ్గరా ఆగి, సందువాళ్ళు చదివింది చదివినట్టు రాసుకుంది. నేను ఆవిడ పెన్ను వంకే చూస్తూ నిలబడ్డాను, కదులుతోందో లేదో అని. కదిలింది. అంజమ్మ గీత దగ్గర నాలుగడుగుల పది అంగుళాలు రాసి, ఒక్క క్షణం ఆగి, ఇల్లు తియ్యాల్సి వస్తుందని నెమ్మదిగా చెప్పింది. అంజమ్మ తెలుసన్నట్టు తలూపింది. అప్పుడు అందరూ కలిసి మేడంని పై కొసకి తీసుకెళ్ళారు.

"ఇదేంటి, అయిదున్నాయి? నా కాయితంలో నాలుగే ఉన్నాయి కదా."

"కాయితంల నాలుగున్నయి మేడం. మనుషులం అయిదిండ్లోళ్ళం ఉన్నం," అన్నాడు యాదగిరి.

నలుగురూ తమ మూరలు తాము ఇష్టపడి ఇస్తున్నట్టు రాసి సంతకాలు పెట్టిన కాయితం స్వరూప మేడం చేతిలో పెట్టింది. బీరువా సంగతి కూడా అందులో రాయించింది, తన త్యాగం ఎక్కడైనా తక్కువగా లెక్కేస్తారేమోనని. మేడం అది చదివి నవ్వాపుకుంది.

"నేను రాసి పైకి పంపుతాను. పైవాళ్ళు ఒప్పుకుంటారో లేదో మాత్రం మాటివ్వలేనమ్మా. అబద్ధం చెప్పను."

"మాకూ అలవాటు తప్పింది మేడం, నిన్నటికెల్లి," అంది స్వరూప. సందంతా నావైపు తిరిగింది. నేను నా బొటనవేలు కొంగులో దాచుకున్నాను.

ఆదివారం రైలుకి ముందు చెప్పి వెళ్దామని పోయాను. రాత్రి జల్లుకి సుద్దగీతలు కొంచెం చెరిగిపోయాయి. స్వరూప బట్టలకి గుర్తులు పెట్టే సుద్దతో వాటిని మళ్ళీ దిద్దుతోంది. అయిదో ఇంట్లో, గోడలు లేవు, కప్పు లేదు, పొయ్యి మాత్రం వెలుగుతోంది. అంజమ్మ అప్పుడే కాపురం పెట్టేసింది. కొనుక్కునేవాళ్ళు నాలుగు వైపుల నుంచీ వస్తున్నారు.

"ఓ తమ్మీ! గోడలకెల్లి నడుస్తున్నవేంది? దర్వాజ గీడున్నది!" అని స్వరూప అరిచింది.

వీపున సంచీ ఉన్న హాస్టలు కుర్రాడొకడు ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళి, సుద్దతో గీసిన గుమ్మం దగ్గరికి వచ్చి, లేని ద్వారబంధానికి తల వంచి లోపలికి వచ్చాడు. నేనూ చెప్పులు బయట విప్పి, గుమ్మంలోంచే వెళ్ళాను. రొట్టె వేడిగా ఉంది. పొగ తిన్నగా స్వరూప వైపే పోతోంది. ఆమె దగ్గుతోంది, తిడుతోంది, గీత దిద్దుతోంది.

ఇది రాసేనాటికి పైనుంచి ఏ కబురూ రాలేదని తెలిసింది. అడగడానికి నాకు అర్హత లేదు, అయినా చదివినవాళ్ళని ఒక్కటి అడుగుతున్నాను. దీపం పెట్టుకునే అలవాటున్నవాళ్ళు దీపం దగ్గర, లేనివాళ్ళు పొద్దుపోయాక వీధి తలుపు గడియ వేసుకునేటప్పుడు, ఒక్క క్షణం అంజమ్మని తలుచుకోండి. ఆమె ఇంటికి ఇంకా తలుపు రాలేదు.